కోవిడ్ లెక్కల్లో ‘ఇతరులు’

2020 మార్చి చివర్లో హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషన్ పరిసరాల్లో కొన్ని పోస్టర్లు వెలిశాయి. హిజ్రాలతో మాట్లాడితే కరోనా సోకుతుందని, వాళ్లను దుకాణాల దగ్గరికి రానివ్వొద్దని వాటి సారాంశం. వైరస్‌కు మనిషి జెండర్‌తో, లైంగికతతో పనిలేదు. తుంపర్లు, గాలి ఆడని గది, దగ్గరగా గడిపే సమయం ఉంటే చాలు. అయినా ఆ మహమ్మారి నష్టం అందరి మీదా ఒకేలా పడలేదు. దానికి కారణాలు వైరాలజీలో కన్నా ప్రభుత్వ కాగితాల్లోనే ఎక్కువగా దొరుకుతాయి.

లాక్‌డౌన్‌కు ముందే, మార్చి 22 నుంచి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, షాపుల ప్రారంభోత్సవాలు కూడా నిలిచిపోయాయి. హిజ్రా సముదాయంలో చాలామందికి రోజు గడిచేది వీటి మీదే. సెక్స్ వర్క్ మీద బతికేవారికి ఆ దారీ మూసుకుపోయింది. గురువు, చేలాలు కలిసి ఒకే గదిలో ఉండే ఇళ్లలో ఆరడుగుల దూరం అన్నది టీవీలో వినే మాట మాత్రమే.

ప్రభుత్వం సాయం ప్రకటించలేదని కాదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 రూపాయలు వేశారు. ఖాతా పురుషుడి పేరుతో, పాత ఫొటోతో ఉన్న ట్రాన్స్ మహిళకు అందులో చోటు లేదు. రేషన్ కార్డు ఇచ్చేది కుటుంబానికి. కుటుంబమంటే రక్తసంబంధమో, పెళ్లో ఉండాలి. పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి నగరానికి చేరిన మనిషి పేరు ఎక్కడో ఊళ్లో తల్లిదండ్రుల కార్డులో ఉంటుంది, లేదా ఎప్పుడో కొట్టేసి ఉంటుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడిగా ట్రాన్స్‌జెండర్లకు తలా 1,500 రూపాయలు, రేషన్ కిట్లు ఇచ్చింది. 2020లో ఇందుకు 98.50 లక్షల రూపాయలు ఖర్చయ్యాయని, దాదాపు 7,000 మందికి అందిందని ఆ శాఖే చెప్పింది. 2011 జనగణనలో ‘ఇతరులు’గా నమోదైనవారు 4,87,803 మంది. అంటే సాయం నూటికి ఒకటిన్నర మందికి కూడా చేరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి కాస్త వేరు. అక్కడ ట్రాన్స్‌జెండర్లకు అప్పటికే నెలవారీ పింఛను ఉంది, దాన్ని వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. సంక్షోభం రాకముందే జాబితా ఉంటే డబ్బు చేరుతుంది. వచ్చాక జాబితా రాయడం మొదలుపెడితే చేరదు.

ఆరోగ్యం సంగతి ఇంకా చిక్కుగా ఉంది. 2017 జాతీయ హెచ్‌ఐవీ నిఘా సర్వే ప్రకారం హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వర్గంలో హెచ్‌ఐవీ 3.14 శాతం. వయోజన జనాభాలో అది 0.22 శాతం. అంటే 14 రెట్లు. ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకోవాలి, మానేస్తే శరీరంలో హెచ్‌ఐవీ మళ్లీ పుంజుకుంటుంది. బస్సులు లేని రోజుల్లో సెంటర్‌కు వెళ్లలేరు కనుక ఒకేసారి కొన్ని నెలల మందులు ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఇది మెచ్చుకోవలసిన నిర్ణయమే. హార్మోన్ చికిత్సకు మాత్రం అలాంటి ఏర్పాటేదీ కనిపించలేదు. జెండర్ శస్త్రచికిత్సలు ‘అత్యవసరం కానివి’ అన్న గంపలోకి వెళ్లి వాయిదా పడ్డాయి. ఇక పురుషుల వార్డు, స్త్రీల వార్డు తప్ప మూడోది లేని ఆసుపత్రికి జ్వరంతో వెళ్లడానికే జంకే పరిస్థితి. పరీక్ష ఆలస్యమైతే చికిత్సా ఆలస్యమవుతుంది.

టీకా అంకెలు చూస్తే అసలు సమస్య బయటపడుతుంది. 2021 మే చివరికి కోవిన్‌లో ‘ఇతరులు’ కింద టీకా వేసుకున్నవారు పాతిక వేలకు కాస్త పైన. 2011 లెక్కతో పోలిస్తే 5 శాతం చిల్లర. అదే సమయానికి దేశంలోని వయోజనుల్లో 15 శాతానికి పైగా కనీసం ఒక డోసు తీసుకున్నారు. తేడా భారీగానే ఉంది, కానీ ఈ భాగహారాన్ని గుడ్డిగా నమ్మలేం. ఆధార్‌లో ఉన్నట్టే పురుషుడిగానో స్త్రీగానో నమోదైన ట్రాన్స్‌జెండర్లు పై అంకెలో ఉండరు. కింది అంకె అంతకన్నా అనుమానాస్పదం. ఆ 4.87 లక్షల మందిలో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు. అంటే దాదాపు తొమ్మిది మందిలో ఒకరు. పసిపిల్ల తన జెండర్ తాను చెప్పదు కదా! ఎవరు చెప్పారో, ఏ అర్థంలో చెప్పారో తెలియని సంఖ్య మీద దశాబ్దానికి పైగా పథకాలు నడుస్తున్నాయి. కొలిచే సాధనమే సరిగా లేకపోతే ఎంత జాగ్రత్తగా చదివినా రీడింగు తప్పే వస్తుంది.

గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల విషయంలో తప్పు రీడింగు కూడా లేదు. జనగణనలో ఆ ప్రశ్నే లేదు. అమెరికా సెన్సస్ బ్యూరో 2021 జులైలో తన హౌస్‌హోల్డ్ పల్స్ సర్వేలో లైంగికత, జెండర్ ప్రశ్నలు చేర్చింది. కొద్ది వారాల్లోనే తేడా కనిపించింది. గత వారంలో ఇంట్లో సరిపడా తిండి లేదన్నవారు ఎల్‌జీబీటీ వయోజనుల్లో 13.1 శాతం, మిగతావారిలో 7.2 శాతం. ఇంటి ఖర్చులకు ఇబ్బంది పడ్డామన్నవారు 36.6 శాతం, 26.1 శాతం. అడిగారు కాబట్టి తెలిసింది. ఈ అంకెలను భారత్‌కు అంటగట్టడం కుదరదు. అయితే ఇక్కడ తేడా లేదని అనడానికీ ఆధారం లేదు.

అడగడంలో ప్రమాదం లేకపోలేదు. నిజాం కాలపు 1919 నాటి చట్టం ఒకటి హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టమంది, పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానంతో. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023 జులైలో. రేషన్ ఇవ్వడానికి లేని జాబితా, అనుమానించడానికి మాత్రం నూరేళ్ల పాటు చట్టంలో ఉందన్నమాట. ఇలాంటి చరిత్ర ఉన్నచోట పేరు చెప్పమంటే ఎవరు చెబుతారు? అందుకే సమాచారాన్ని ఎవరు చూస్తారో, పోలీసుల చేతికి వెళ్లకుండా ఏం కాపలా ఉందో ముందే చట్టంలో రాయాలి.

2024లో కొన్ని మార్పులు వచ్చాయి. ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న ఎల్‌జీబీటీక్యూ భాగస్వాములను రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా పరిగణించాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు ఆంక్షల్లేవని స్పష్టం చేసింది. ఇదే సూచన 2020 ఏప్రిల్‌లో వచ్చి ఉంటే ఎందరి పొయ్యి వెలిగేదో.

ఇక 2021లో జరగాల్సిన జనగణన 2027కు జరిగింది. పుట్టినప్పుడు నమోదైన లింగాన్ని, ఇప్పటి జెండర్‌ను రెండు వేర్వేరు ప్రశ్నలుగా అడగడం చాలా దేశాల సర్వేల్లో వాడుకలో ఉన్న పద్ధతే. దాన్ని ఇక్కడా తేవాలి. రెండో ప్రశ్నకు జవాబు ఇంటిపెద్ద నుంచి కాకుండా ఆ మనిషి నుంచే, వీలైతే ఇంట్లోవాళ్లకు వినిపించకుండా తీసుకోవాలి. ఎన్యూమరేటర్ల శిక్షణకు ఒక పూట అదనంగా పడుతుంది.