పాత్రధారణక్రీడలలో నా యలవాటులు

సెలవుదినములలో నేమి చేయుదువని యెవరైన నడిగినప్పుడు పాచిక లాడుదునని చెప్పుటకు నేను కొంచెము జంకుదును. పాచిక లన్నంతనే పెద్దల మనస్సునకు ధర్మరాజు కోల్పోయిన రాజ్యమును, నలుని వనవాసమును స్ఫురించుట సహజము గదా! కాని మా యాటలో పణము లేదు. నలుగురైదుగురు మిత్రులము బల్లచుట్టును గూర్చుండి, ఒక్కొక్కరము ఒక్కొక్క పాత్రను ధరింతుము. ఒకడు కథ నడపుచుండును. తక్కినవారు తమ పాత్ర లేమి చేయునో నోటితో చెప్పుదురు. కార్యము ఫలించునో లేదో యని సంశయము కలిగినచోట పాచిక తీర్పు చెప్పును. దీనినే రోల్‌ప్లేయింగ్ గేమ్ అందురు.

ఈ క్రీడకు పుట్టినిల్లు అమెరికా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేర మూడు చిన్న పుస్తకములు గల పెట్టెను వెలువరించిరి. అందు ప్రతిపాత్రకును బలము, బుద్ధి, వివేకము, దేహదార్ఢ్యము, చురుకుదనము, ఆకర్షణ యను నారు గుణములు గలవు. ఒక్కొక్క గుణమునకు మూడు పాచికలు వేసి మొత్తమును వ్రాసికొనవలెను. పదునెనిమిది పడుట సగటున 216 సారులలో నొక్కసారి. పదియో పదునొకండో పడుట నాలుగింట నొకసారి. అనగా పాత్రయు మనవలెనే సామాన్యుడగుట కెక్కువ యవకాశము గలదు.

తరువాతి కాలమున పాచికలతో పనిలేక అంకెలను ఇచ్చవచ్చినట్లు పంచుకొను పద్ధతులు వచ్చినవి. నా మిత్రులలో పలువురకు అవియే ప్రియము. నాకు రుచింపవు. ఒకసారి నా పాత్రకు బలము ఐదు మాత్రమే పడినది. కత్తి యెత్తలేని యా మనుష్యునికి దివిటీ పట్టు పని యొప్పగించితిని. గుహలలో నందరికంటె ముందు నడచువాడు వాడే. అందరికంటె ముందు భయపడువాడును వాడే. అంతకు బూర్వము నే నాడిన బలశాలుల పేరులు నాకిప్పుడు జ్ఞాపకము లేవు. దివిటీవాని దగ్గు గూడ జ్ఞాపకమున్నది.

ఒంటరిగా కంప్యూటరుపై నాడునప్పుడు నేనింత నిష్ఠాపరుడను గాను. ఆట నొకచోట భద్రపరచి, చెడుగు జరిగినచో వెనుకకు మరలి, యేమియు జరుగనట్లు నటింపవచ్చును. రిచర్డ్ గారియట్ 1985లో వెలువరించిన అల్టిమా యను క్రీడ నాలుగవ భాగమున మహారాక్షసుని జంపుట గమ్యము గాదు. ఎనిమిది సద్గుణముల నలవరచుకొని మన మాటయగు "అవతార" మనిపించుకొనుటయే గమ్యము. అందు మూలికలమ్ము గ్రుడ్డియామె యొకతె గలదు. ఎన్ని నాణెములిచ్చుచున్నదియు మనమే చెప్పవలెను. నేను తక్కువ యిచ్చితిని. ఆమె యేమియు ననలేదు. ఆట మాత్రము నా సత్యసంధతను లోలోపల తగ్గించి వైచినది. అది తెలిసినవెంటనే నేను చేసిన పని పశ్చాత్తాపపడుట గాదు, పాత స్థానమునకు మరలుట! ఆనాడు నామీద నాకే రోత పుట్టినది. నాటినుండి మరలుట మానితిని.

"వినోదమునకు ఇంత కఠినత యేల? ఎవరికి నష్టము?" అని మిత్రులందురు. చిన్నపిల్లలు నేర్చుకొనునప్పుడు మరల వేయనిండు, నాకభ్యంతరము లేదు. కాని ఓడిన పిమ్మట నే నేమి చేయుదునో తెలిసికొనవలెనన్న, ముందు ఓడనియ్యవలెను గదా.

కథ నడపువాడు అట్టతెర చాటున పాచిక వేయుట ఈ క్రీడలో వాడుక. మా కథానాయకత్వము వహించిన మిత్రుడు నామీది ప్రేమచే పలుమారు అంకెలను మార్చి దివిటీవానిని బ్రతికించుచున్నాడని యొకనాడు బయటపడినది. నాకు కోపము వచ్చినమాట నిజము. అన్ని నెలలుగా నేను ధైర్యమనుకొన్నది అతని దయ. ఇకమీదట తెర తీసి వేయుమని ప్రార్థించితిని. "చచ్చిపోవును సుమా" అనెను. కానిమ్మంటిని.

తరువాతి వారమే, కూలిన వంతెనపై నిరువది ముఖముల పాచిక బల్లమీద దొర్లి, ఒకటివద్ద నిలిచెను. ఎవరును మాటాడలేదు. మిత్రుడు నావంక జూచి పాచికను దీసికొనబోయెను. నేనతని చేయి పట్టుకొంటిని. దివిటీవాని కాగితమును మడచి పెట్టెలో నుంచి, క్రొత్త కాగితము ముందు వేసికొని మూడు పాచికలు వేసితిని. బలము తొమ్మిది.