ఎడమచేతి అక్షరం: బడి ఇంకా నేర్చుకోని పాఠం

ఏటా జూన్‌లో బడులు తెరవగానే ఒకటో తరగతి గదుల్లో ఒక దృశ్యం తప్పదు. టీచరు బోర్డు మీద 'అ' రాసి చూపిస్తారు. ముప్పై చిన్న తలలు పలకల మీదికి వంగుతాయి. వారిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు బలపాన్ని ఎడమచేతిలోకి తీసుకుంటారు. వెంటనే వినిపించే మాట: 'ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి'. ఆ పిల్లలకు బడిలో జరిగే మొదటి దిద్దుబాటు ఇదే. అక్షరం తప్పు రాసినందుకు కాదు, అసలు రాయకముందే.

ఇది పెద్ద విషయమా అని చాలామందికి అనిపించవచ్చు. లెక్క చూస్తే చిన్నదేమీ కాదు. సుమారు 24 లక్షల మంది సమాచారాన్ని కలిపి చూసిన ఒక అంతర్జాతీయ విశ్లేషణ 2020లో వెలువడింది. దాని ప్రకారం ప్రపంచ జనాభాలో 10.6 శాతం మందిది ఎడమచేతి వాటం. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఆరేళ్ల లోపు పిల్లలు 16 కోట్లకు పైగా ఉన్నారు. పదింట ఒకరు అనుకున్నా ఆ ఒక్క వయోవర్గంలోనే కోటిన్నర మందికి పైగా తేలతారు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు చెప్పిన నిష్పత్తి 30 మందికి ఒక టీచరు. అంటే ప్రతి టీచరు ముందూ సగటున ముగ్గురు పుర్రచేతి వాటం పిల్లలు కూర్చుని ఉంటారు. వారికి రాత ఎలా నేర్పాలన్నది మాత్రం ఆ టీచర్లలో చాలామందికి ఎవరూ నేర్పలేదు.

అలవాటు కాదు, అమరిక

ఎడమచేతి వాటాన్ని మన ఇళ్లలో ఇప్పటికీ 'అలవాటు' అంటారు. అలవాటైతే మాన్పించవచ్చు. శాస్త్రం చెబుతున్నది వేరు. గర్భంలో బొటనవేలు చీకే శిశువులను స్కానింగ్‌లో గమనించి, వారికి పది పన్నెండేళ్లు వచ్చాక మళ్లీ పరీక్షించిన ఒక బ్రిటన్ అధ్యయనం 2005లో వచ్చింది. గర్భంలో కుడి బొటనవేలు చీకిన 60 మందీ కుడిచేతి వాటం వారే అయ్యారు. ఎడమ బొటనవేలు చీకిన 15 మందిలో పది మంది ఎడమచేతి వాటంతో, అయిదుగురు కుడిచేతి వాటంతో పెరిగారు. సంఖ్య చిన్నదే. అయినా, చేతివాటం బలపం పట్టించిన రోజున మొదలయ్యేది కాదని అది స్పష్టంగానే చూపింది.

జన్యుపరమైన ఆధారాలూ ఉన్నాయి. 17 లక్షల మందికి పైగా వ్యక్తుల సమాచారంతో జరిగిన పరిశోధన జన్యుపటంలో 41 స్థానాలకు ఎడమచేతి వాటంతో సంబంధం ఉందని తేల్చింది. అయితే వంశపారంపర్యం వాటా సుమారు నాలుగో వంతే. అందుకే తల్లిదండ్రులిద్దరూ కుడిచేతి వాటం వారైన ఇంట్లోనూ ఎడమచేతి పిల్లలు పుడతారు. 'మా వంశంలో ఎవరికీ లేదు, వీడికెక్కడిది' అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

ఇందులో మరో అపోహ కూడా ఉంది. ఎడమచేతి వాళ్లంతా కుడి మెదడుతో ఆలోచించే మేధావులన్న ప్రచారానికీ ఆధారం లేదు. ఎడమచేతి వాటం వారిలో ఎక్కువమందికి కూడా భాషా సామర్థ్యం ఎడమ మెదడులోనే ఉంటుంది. తిట్టు ఎంత అనవసరమో, పొగడ్త కూడా అంతే అనవసరం. ఆ పిల్లలకు కావలసింది సరైన కూర్చోబెట్టడం, సరైన పట్టు నేర్పడం.

విస్తరి నియమం పలక మీదికి

దక్షిణాసియాలో ఎడమచేతిపై ఉన్న పట్టింపు శుచికి సంబంధించినది. శౌచానికి ఎడమచెయ్యి, భోజనానికి కుడిచెయ్యి అన్న విభజన నీళ్లూ సబ్బూ కరువైన కాలంలో ఆరోగ్యానికి పనికొచ్చిన ఏర్పాటు. దానిమీదే మర్యాద పేరుకుంది. ప్రసాదం ఎడమచేత్తో పుచ్చుకోకూడదు, డబ్బు ఎడమచేత్తో ఇవ్వకూడదు. హిందూ ఇళ్లలోనే కాదు, ముస్లిం ఇళ్లలోనూ భోజనానికి కుడిచేతి నియమం గట్టిగానే ఉంది. బాసర సరస్వతి ఆలయంలో గానీ, ఇంటి గడపలో గానీ అక్షరాభ్యాసం జరిగేటప్పుడు పెద్దలు బిడ్డ కుడిచేతిని పట్టుకునే బియ్యంలో దిద్దిస్తారు.

చాలా కుటుంబాలు ఈ చిక్కును తమకు తామే ఒక రాజీతో విప్పుకున్నాయి. తినడం కుడిచేత్తో, రాయడం ఎడమచేత్తో. దేశంలో ఎడమచేత్తో రాసేవారిలో ఎందరో ఇలాగే పెరిగారు. చేతిని కడిగి ముద్ద నోటికి అందించడం పిల్లలకు రెండో చేత్తోనూ కొంత తేలికగానే పట్టుబడుతుంది. రాత అలా కాదు. వేళ్ల చివర్ల సూక్ష్మమైన కదలిక, కంటిచూపు, భాష ఈ మూడూ ఒకేసారి కలవవలసిన పని అది. విస్తరి దగ్గరి నియమాన్ని పలక మీదికి లాగినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది. రాతకు శుచితో సంబంధం లేదు. అక్షరం ఏ చేత్తో రాసినా అక్షరమే.

బలవంతం చేస్తే ఏమవుతుంది?

పాశ్చాత్య దేశాలూ ఈ దశ దాటే వచ్చాయి. బ్రిటన్ రాజు ఆరో జార్జిని చిన్నప్పుడు కుడిచేత్తో రాయమని బలవంతపెట్టారు. ఆయన నత్తికి అదే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. చెయ్యి మార్పించడమే నత్తికి కారణమన్నది శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఆ భయం పెట్టి వాదించవలసిన అవసరమూ లేదు. బాల్యంలో చెయ్యి మార్పించిన పెద్దల మెదళ్లను స్కాన్ చేసిన అధ్యయనాల్లో ఒక విషయం తేలింది. దశాబ్దాల తరబడి కుడిచేత్తో రాసినా వారి మెదడు పనితీరు పుట్టు కుడిచేతి వారిలా పూర్తిగా మారలేదు. బయటికి చెయ్యి మారింది, లోపలి అమరిక మారలేదు.

గాంధీజీ 1909లో ఓడ ప్రయాణంలో 'హింద్ స్వరాజ్' రాస్తూ, కుడిచెయ్యి అలసిపోయినప్పుడు 275 పేజీల్లో సుమారు 40 పేజీలు ఎడమచేత్తో రాశారు. దీన్ని చూపించి 'సాధనతో ఏ చేత్తోనైనా రాయవచ్చు కదా' అనేవారున్నారు. ఒక చెయ్యి అలసిపోతే పెద్దవాళ్లు రెండోదాన్ని వాడుకోవడం వేరు. అయిదేళ్ల బిడ్డకు సహజంగా వచ్చిన చేతిని కట్టేసి, రాని చేత్తో మొదలుపెట్టమనడం వేరు. ఆ బిడ్డ అక్షరం మీద పెట్టవలసిన ధ్యాసంతా చేతి మీద ఖర్చవుతుంది. పక్కవాళ్లు పదాలు రాస్తుంటే తాను గీతల దగ్గరే ఉంటుంది. 'నాకు రాదు' అన్న నమ్మకం అక్కడే పుడుతుంది.

ఇది చట్టం పరిధిలోని విషయం కూడా. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా దండించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఎడమచేతి వేళ్ల మీద స్కేలుతో కొట్టడం, చెయ్యిని వెనక్కి కట్టడం, తరగతి ముందు ఎగతాళి చేయడం క్రమశిక్షణ కిందికి రావు.

ఇబ్బంది చేతిలో లేదు

అలాగని ఎడమచేతి పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే సరిపోదు. ఎడమ నుంచి కుడికి సాగే లిపిలో వారికి నిజమైన ఇబ్బందులున్నాయి. కుడిచేతి బిడ్డ కలాన్ని లాగుతూ రాస్తే, ఎడమచేతి బిడ్డ నెడుతూ రాయాలి. రాసిన అక్షరం మీదుగానే చెయ్యి జరుగుతుంది. పలక మీద బలపం చెరిగిపోతుంది, కాగితం మీద సిరా అలుక్కుపోతుంది. రాసింది తన చేతి చాటునే ఉంటుంది కాబట్టి చూడ్డానికి మణికట్టును కొక్కెంలా పైనుంచి వంచుతారు. అలా పడిన పట్టు పెద్దయ్యాక పరీక్షహాల్లో మూడు గంటల రాతకు నొప్పిగా తిరిగివస్తుంది.

లిపి దిశ మారితే కథ తిరగబడుతుంది. హైదరాబాద్ పాతబస్తీలోనో, కశ్మీర్‌లోనో, పాకిస్థాన్‌లోనో ఉర్దూ రాసే ఎడమచేతి బిడ్డకు రాసింది కళ్లముందే ఉంటుంది, చెయ్యి దానికి దూరంగా జరుగుతుంది. అక్కడ సిరా అంటుకునేది కుడిచేతికి. అంటే లోపం ఎడమచేతిలో లేదు. ఇబ్బంది చేతికీ లిపి సాగే దిశకూ మధ్య ఉన్న పొంతనది. పొంతన కుదర్చడం పెద్దల పని.

అందుకు డబ్బు ఖర్చు లేదు. నోటుపుస్తకాన్ని బిడ్డ శరీరానికి నడిమధ్య కాకుండా కాస్త ఎడమవైపు ఉంచాలి. పుస్తకం పైభాగం కుడివైపు ఒరిగేలా, అంటే ఎడమ పైమూల ఎత్తుగా ఉండేలా తిప్పాలి. పెన్సిల్‌ను మొన నుంచి సుమారు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకుంటే రాసేది కనిపిస్తుంది. మణికట్టు నిటారుగా, రాసే గీతకు కిందనే ఉండాలి. బెంచీ మీద ఎడమ చివర కూర్చోబెడితే పక్కపిల్లల మోచేతితో గొడవ ఉండదు. వెలుతురు కుడివైపు నుంచి పడితే చేతినీడ అక్షరం మీద పడదు. మెత్తగా సాగే పెన్సిల్, ఆ తర్వాత త్వరగా ఆరే సిరా ఉన్న పెన్ను మేలు.

కాపీ రైటింగ్ పుస్తకాల్లో నమూనా అక్షరం చాలాసార్లు ఎడమ అంచున ఉంటుంది. ఎడమచేతి బిడ్డ చెయ్యి దాన్నే కప్పేస్తుంది. నమూనాను కుడివైపు కూడా ఒకసారి రాసి ఇస్తే ఆ బిడ్డ చూసి రాయగలదు. చెయ్యిపట్టి దిద్దించే పద్ధతిలోనూ చిన్న మార్పు కావాలి. కుడిచేతి టీచరు బిడ్డ వెనక నిలబడి చెయ్యి పట్టుకునే బదులు, ఎదురుగా కూర్చుని రాసే తీరు చూపిస్తే బిడ్డకు అద్దంలో చూసినట్టు చేతి కదలిక అర్థమవుతుంది.

అక్షరం తిప్పే వరుస దగ్గర కూడా పట్టువిడుపు అవసరం. ఎడమచేతి పిల్లలు సున్నను తరచు సవ్యదిశలో తిప్పుతారు. హిందీ అక్షరాల మీది శిరోరేఖను, ఇంగ్లిష్ 'టీ' మీది అడ్డగీతను కుడి నుంచి ఎడమకు లాగుతారు. గుండ్రటి తెలుగు అక్షరాల్లోనూ ఇలాంటి తేడాలు కనిపిస్తాయి. సున్న ఎటు తిప్పినా సున్నే. చదవడానికి వీలుగా ఉండి, వేగం తగ్గకపోతే గీత దిక్కు కోసం మార్కులు తగ్గించనక్కర్లేదు. అక్షరాలు అద్దంలోలా తిరగబడటం కూడా అయిదారేళ్ల పిల్లల్లో, రెండు చేతుల వారిలోనూ, మామూలే. అది తెలివితక్కువతనానికి గుర్తు కాదు.

ఒక్క జాగ్రత్త. చేతివాటం సాధారణంగా మూడు నాలుగేళ్లకు కనబడి, అయిదారేళ్లకు స్థిరపడుతుంది. ఏడాదైనా నిండని బిడ్డ ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని అసలు కదపకపోతే పిల్లల వైద్యులకు చూపించాలి. అది వాటం కాకపోవచ్చు, రెండో చేతి బలహీనత కావచ్చు. ఇంకా తేలని బిడ్డను ఎడమచేతికి తోయడమూ తప్పే. పెన్సిల్, చెంచా, బంతి ఎదురుగా మధ్యలో పెట్టి, ఏ చెయ్యి ముందుకొస్తుందో కొన్నాళ్లు గమనిస్తే చాలు.

ఎవరి పట్టికలోనూ లేని పిల్లలు

ఎడమచేతి వాటం వైకల్యం కాదు. కాబట్టి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అది లేదు, ఉండకూడదు కూడా. జనగణన దాన్ని అడగదు. ఫలితంగా ఈ పిల్లలు ప్రత్యేక అవసరాల జాబితాలో లేరు, సాధారణ బోధనలోనూ లేరు. కుడిచేతి వైపే రాతపలక బిగించిన కుర్చీలను కాలేజీలు, కోచింగ్ సెంటర్లు వరుసలుగా కొంటాయి. అందులో కూర్చుని ఒంటిని మెలితిప్పి పోటీపరీక్ష రాసే ఎడమచేతి విద్యార్థి ఇబ్బంది కొనుగోలు పత్రంలో కనిపించదు.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. గడువు 2026-27. అంగన్‌వాడీ కార్యకర్తలకు బోధనలో శిక్షణ ఇచ్చే 'పోషణ్ భీ పఢాయీ భీ' 2023లో వచ్చింది. దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. చాలామంది పేదపిల్లలు మొదటిసారి క్రేయాన్ పట్టుకునేది అక్కడే. ఆ శిక్షణల్లో ఒక్క గంట ఎడమచేతి రాతకు కేటాయించవచ్చు. ఉపాధ్యాయ దర్శినిలో ఒక పేజీ, పని పుస్తకంలో కుడి అంచున కూడా నమూనా అక్షరం, ఫర్నిచర్ టెండరులో పదింట ఒక కుర్చీకి ఎడమవైపు పలక అని ఒక్క వాక్యం చేర్చవచ్చు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకం అంతకంటే అక్కర్లేదు.

ఎడమచెయ్యి ఆడిస్తూ సూర్యకాంతం గదమాయించిన తీరును తెలుగు ప్రేక్షకులు తరాలుగా ఆనందించారు. కుడిచేత్తో బ్యాటు పట్టిన సచిన్ టెండూల్కర్ సంతకం మాత్రం ఎడమచేత్తో పెడితే ముచ్చటపడ్డారు. తెర మీద, మైదానంలో మెచ్చుకున్న చేతినే ఇంట్లో మందలించడం న్యాయం కాదు. ఈసారి అక్షరాభ్యాసానికి కూర్చోబెట్టినప్పుడు బిడ్డ ఏ చెయ్యి చాపితే ఆ చేతినే పట్టుకుని దిద్దించడానికి పెద్దలు సిద్ధపడితే, ఆ బిడ్డకు అక్షరంతో పరిచయం మందలింపుతో మొదలుకాదు.