ఆటలో రాజకీయాలెందుకు అంటారా?

"ఆటను ఆటలా చూడండి, అందులోకి రాజకీయాలు తేకండి" అని పెద్దలు చాలామంది అంటుంటారు. ఈ మాటకు తోడబుట్టినది ఇంకొకటి ఉంది. "గవర్నమెంటు హాస్టల్లో ఉండి నాలుగు అక్షరాలు నేర్చుకోక, మీకు రాజకీయాలెందుకురా?" అనేది. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తాయని మా అనుమానం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఫుట్‌బాల్ గురించి రాద్దామనుకున్నాం.

మేం క్రీడా పండితులం కాము. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని బ్రెజిల్ గొప్పదా, అర్జెంటీనా గొప్పదా అని కొట్లాడుకుని, అక్కడి నుంచి అమెరికా మీదికి, ఇరాక్ మీదికి వెళ్ళి, చివరికి రేపటి పప్పు దగ్గరికి వచ్చి ఆగే బాపతు. మా మాటలు అందరికీ నచ్చాలని లేదు. నచ్చకపోతే వాదిద్దాం రండి, వరండా ఎటూ పోదు.

ఒక్క బెర్తు కోసం

1966 ప్రపంచ కప్ ఇంగ్లండులో జరిగింది. మొత్తం 16 జట్లు. యూరప్‌కు 10, దక్షిణ అమెరికాకు 4, ఉత్తర, మధ్య అమెరికా ప్రాంతానికి 1 పోగా మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కదాని కోసం ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడూ కొట్టుకోవాలని ఫిఫా పెద్దలు నిర్ణయించారు. ఆఫ్రికాలో దేశాలన్నీ అప్పుడప్పుడే వలసపాలన నుంచి బయటపడుతున్న రోజులవి. ఘానా ముందు నిలబడింది, మిగతా దేశాలు దాని వెంట నిలబడ్డాయి. ఖండానికి నేరుగా ఒక బెర్తు ఇస్తే ఆడతాం, లేకపోతే మీ కప్పు మీరే ఆడుకోండి అన్నాయి. అన్నట్టే ఖండమంతా తప్పుకుంది. ఆ ఏడు కప్పులో ఒక్క ఆఫ్రికా జట్టూ లేదు.

ఇందులో ఒక విచిత్రం చూడండి. ఆ కప్పులో అందరికంటే ఎక్కువగా 9 గోల్స్ చేసిన యూసేబియో పుట్టింది మొజాంబిక్‌లో. అది అప్పటికి పోర్చుగల్ వలస కాబట్టి ఆయన వేసుకున్నది పోర్చుగల్ చొక్కా. అంటే ఆఫ్రికా కాళ్ళు కావాలి, ఆఫ్రికా జట్టు మాత్రం వద్దు! "ప్రతిభ ఉంటే రమ్మనండి, కోటా ఎందుకు?" అనే మాట మనకు కొత్త కాదు గదా. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే మనలో సగం మంది విని ఉంటారు.

బహిష్కరణ వృథా పోలేదు. 1970లో మెక్సికోలో జరిగిన కప్పుకు ఆఫ్రికాకు నేరుగా ఒక బెర్తు దక్కింది. ఆ బెర్తు మీద వెళ్ళిన మొరాకో పశ్చిమ జర్మనీ మీద మొదటి గోల్ చేసి వణికించింది, చివరికి 2-1తో ఓడినా సరే. 1974లో జైర్ జట్టు యుగోస్లావియా చేతిలో 9-0తో ఓడిపోతే "చూశారా, సీటు ఇస్తే ఇట్లా ఉంటుంది" అని నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వినవాళ్ళే 1990లో కామెరూన్, 2002లో సెనెగల్, 2010లో ఘానా క్వార్టర్ ఫైనల్స్‌కు వెళ్ళడం చూశారు. 2022లో మొరాకో సెమీఫైనల్స్ చేరింది. ఆఫ్రికా నుంచి అంతదాకా వెళ్ళిన మొదటి జట్టు అది. 48 జట్ల 2026 కప్పులో ఆఫ్రికాకు ఇచ్చిన నేరు బెర్తులు తొమ్మిది. ముందు గేటు తెరిస్తేనే కదా లోపలికొచ్చి ఆట నేర్చుకునేది! మెరిట్ గురించి మాట్లాడేవాళ్ళకు మేం చెప్పేది ఇంతే: 1970కీ 2022కీ మధ్య 52 ఏళ్ళున్నాయి, కాస్త ఓపిక పట్టండి.

ఒకరికి నాలుగు రోజులు, ఒకరికి పదిహేనేళ్ళు

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. 28వ తేదీకల్లా ఫిఫా రష్యా జట్లను సస్పెండ్ చేసింది. చేయాల్సిందే, మాకేం అభ్యంతరం లేదు. మా ప్రశ్న వేరు. నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ కలిసి ఆడనివ్వని దక్షిణాఫ్రికాను 1961లో సస్పెండ్ చేసి, 1963లో మళ్ళీ ఎత్తేసి, 1964లో మళ్ళీ వేసి, పూర్తిగా బయటికి పంపడానికి 1976 దాకా ఎందుకు పట్టింది? 2003లో అమెరికా, బ్రిటన్ కలిసి ఇరాక్ మీద బాంబులు వేసినప్పుడు ఆ రెండు దేశాల జట్లకు ఏమైనా అయిందా? ఏమీ కాలేదు. పైగా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇరాక్ ఫుట్‌బాల్ జట్టు బాగా ఆడుతుంటే, దాన్ని బుష్ తన ఎన్నికల ప్రకటనలో వాడుకున్నాడు. మమ్మల్ని వాడుకోవద్దని ఆ జట్టు ఆటగాళ్ళే తిరగబడి చెప్పారు. ఆటలోకి రాజకీయం తెచ్చింది ఎవరండీ ఇక్కడ?

న్యాయం అంటే అందరికీ ఒకే కొలత. రష్యాకు ఒక తూకం, అమెరికాకు ఒక తూకం అయితే దాన్ని న్యాయం అనరు, బలం అంటారు.

రాజకీయాన్ని తెచ్చేది ఒకరు, దాని దెబ్బ తినేది ఇంకొకరు కావడానికి మన దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేసియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశపు క్రీడా ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పారు. అక్కడి జనానికి కోపం వచ్చి మన రాయబార కార్యాలయం మీదికే పోయారు. ఫైనల్లో దక్షిణ కొరియాతో మన కుర్రాళ్ళు ఆడుతుంటే స్టేడియం మొత్తం ఎగతాళి కేకలు. ఆ జట్టుకు కోచ్ మన హైదరాబాదు రహీం సాబ్. అమ్ముగూడ పేదింటి నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. అన్ని కేకల మధ్యా 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. రహీం సాబ్ మరుసటి ఏడే క్యాన్సర్‌తో పోయారు. మన హాస్టల్లో క్రికెటర్ల ఫోటోలు ఎన్నో అంటించుకుంటారు. వీళ్ళ ఫోటో కూడా ఒకటి వెతికి పెట్టండి తమ్ముళ్ళూ.

స్టేడియం కట్టిన చేతులు

2022 కప్పు ఖతార్‌లో. మెస్సీ కప్పు ఎత్తుకున్న రాత్రి మనమంతా గెంతులేశాం. గెంతాల్సిన ఆటే అది. కానీ ఆ స్టేడియాలు ఎవరు కట్టారు? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో అడగండి. ఏ గల్ఫ్ దేశానికి పోయినా "దుబాయి పోయిండు" అనే మన ఊళ్ళలో అడగండి. మన హాస్టల్లోనే ఎంతమంది పిల్లల నాయనలు, చిన్నాయనలు, మేనమామలు అక్కడ లేరు? ఏజెంటుకు అప్పుచేసి కట్టి, పాస్‌పోర్టు కంపెనీ చేతిలో పెట్టి, చెప్పిన జీతం ఒకటి, ఇచ్చింది ఒకటి అయినా నోరు మూసుకుని, తట్టుకోలేక బయటపడితే ఖల్లివెల్లి అయిపోయి దాక్కున్నవాళ్ళు ఎందరు లేరు?

2010లో ఖతార్‌కు కప్పు దక్కినప్పటి నుంచి మన దేశం, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు అక్కడ చనిపోయారని 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండుకు చెందిన గార్డియన్ పత్రిక లెక్క తీసింది. అందులో మనవాళ్ళు 2,711. వీళ్ళంతా స్టేడియం పనిలోనే పోయారని కాదు, అన్ని రకాల చావులూ కలిపిన లెక్క అది. అయితే చాలా చావులకు కాగితం మీద రాసిన కారణం "సహజ మరణం". ఎండలో పనిచేసి వచ్చి రాత్రి పడుకుని తెల్లారి లేవని వయసు మగవాడిది సహజ మరణమట!

మరి అరుపులకు ఏమైనా ఫలితం ఉందా అంటే, కొంత ఉంది. ప్రపంచమంతా ఖతార్ వైపు చూస్తుండటం వల్ల 2020లో కంపెనీ మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదన్నారు. 2021 మార్చి నుంచి నెలకు కనీసం 1,000 రియాళ్ళ జీతం అన్నారు. అమలు ఎట్లా ఉందో అక్కడున్న మనవాళ్ళే చెప్పాలి. కప్పులో జట్లకు పంచిన బహుమతి సొమ్ము 44 కోట్ల డాలర్లు. అంత సొమ్మే కార్మికులకు పరిహారంగా పక్కన పెట్టమని ఆమ్నెస్టీ సంస్థ 2022 మేలో అడిగింది. ఫిఫా 2024లో 5 కోట్ల డాలర్ల నిధి ప్రకటించింది, అదీ నేరుగా చనిపోయినవారి ఇళ్ళకు కాదు. 2024 డిసెంబర్‌లో 2034 కప్పును పోటీ లేకుండా సౌదీకి ఇచ్చేసింది. ఆ సిమెంటు మోయబోయేది కూడా మనవాళ్ళే. ఇది రాజకీయం కాదు, ఆట మాత్రమే అని ఆ ఇళ్ళ ముందు నిలబడి చెప్పగలమా?

మౌనం ఖరీదు

అదే ఖతార్ కప్పులో రెండు నిరసనలు చూశాం. వివక్షకు వ్యతిరేకంగా చేతికి పట్టీ కట్టుకుంటామని ఏడు యూరప్ జట్లు అన్నాయి. పసుపు కార్డు చూపిస్తామని ఫిఫా బెదిరించగానే ఏడూ విరమించుకున్నాయి. తర్వాత జర్మనీ ఆటగాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఫోటో దిగారు.

ఇంకొకటి ఇరాన్ వాళ్ళది. ఆ సెప్టెంబర్‌లోనే మహ్సా అమీనీ అనే యువతి పోలీసు కస్టడీలో చనిపోయి దేశం అట్టుడుకుతోంది. నవంబర్ 21న ఇంగ్లండుతో మ్యాచ్ ముందు జాతీయ గీతం వస్తుంటే పదకొండు మందీ పెదవి కదపలేదు. పసుపు కార్డు కాదు వాళ్ళకు భయం, ఇంటికి పోయాక ఏమవుతుందోనని. రెండో మ్యాచ్‌లో పెదవులు కదిపారు. వెంటనే కొందరు "పిరికివాళ్ళు" అన్నారు. మా అభిప్రాయం వేరు. కుర్చీలో కూర్చుని టీవీ చూసేవాడికి ఎదుటివాడి ధైర్యాన్ని తూచే హక్కు లేదు. నిరసన ఎంత గట్టిగా వినపడిందని కాదు, చేసినవాడు దానికి ఏం పణం పెట్టాడని చూడాలి.

అన్నం గురించి అడిగినవాడు

మాకు అందరికంటే దగ్గరగా అనిపించినవాడు మార్కస్ రాష్‌ఫర్డ్. 2020లో మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడుతుండేవాడు. చిన్నప్పుడు బడిలో పెట్టే ఉచిత భోజనం తిని పెరిగినవాడు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. వేసవి సెలవుల్లో పేద పిల్లలకు భోజనం కూపన్లు ఇవ్వబోమని ఇంగ్లండు ప్రభుత్వం అంది. 22 ఏళ్ళ ఆ కుర్రాడు ఎంపీలందరికీ బహిరంగ లేఖ రాశాడు. మర్నాడే, జూన్ 16న, ప్రభుత్వం దిగివచ్చింది. దాదాపు 13 లక్షల మంది పిల్లలకు కూపన్లు అందాయి.

తర్వాతి ఏడు యూరో కప్ ఫైనల్లో రాష్‌ఫర్డ్ పెనాల్టీ తప్పిపోయింది. వెంటనే ఒక ఎంపీ ఏమందో తెలుసా? రాజకీయాలు తగ్గించి ఆట మీద ధ్యాస పెట్టి ఉండాల్సింది అనే అర్థంలో అంది. తర్వాత క్షమాపణ చెప్పిందనుకోండి. మనలో ఒకడికి ఒక సబ్జెక్టు పోతే వినే మాట కూడా అచ్చం ఇదే కదా: "ధర్నాలకు తిరిగితే పాసవుతార్రా?" అన్నం అడిగితే రాజకీయం. ఆ అన్నంలో కోత పెట్టడం మాత్రం పరిపాలన!

మిత్రులారా, మనం పడుకునే ఈ గది, తినే ఈ పళ్ళెం ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూడాలని రాజ్యాంగం 46వ అధికరణలో రాసి ఉంది. అంబేడ్కర్ తరం పోరాడి రాయించిన మాట అది. 2024లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ళ డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. విద్యార్థులు ఏళ్ళ తరబడి అడిగి, రోడ్డెక్కి, లాఠీలు కూడా చూసిన తర్వాతే అది వచ్చింది. రాజకీయాలు మీకెందుకు అనేవారికి మన జవాబు ఒకటే: మా సీటు రాజకీయం, మా పుస్తకం రాజకీయం, మా మెస్సులో కూర రాజకీయం. అవి మాకు వద్దంటే ఇంకేం మిగులుతుంది?

అయితే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మనవి. దూరపు అన్యాయం మీద మాట్లాడటం తేలిక. పాలస్తీనా గురించి, ఇరాన్ గురించి రాత్రంతా వాదించి, పొద్దున మెస్ కమిటీ మీటింగుకు ఎవరూ పోకపోతే ఆ వాదనకు విలువ లేదు. ప్రపంచాన్ని చూడండి, పేపరు చదవండి, అర్ధరాత్రి లేచి మ్యాచ్ చూడండి. మర్నాడు బియ్యం తూకం వేసేటప్పుడు పక్కన నిలబడి ముల్లు చూడండి. గొడవ పడనక్కర్లేదు, మర్యాదగా అడిగి రిజిస్టరులో రాయించండి. ఒకరుగా అడిగితే పేరు గుర్తుపెట్టుకుంటారు, అందరుగా అడిగితే లెక్క సరిచేస్తారు. 1966లో ఘానా ఒక్కటే తప్పుకుని ఉంటే పట్టించుకునేవాళ్ళే లేకపోయేవారు. ఖండం మొత్తం తప్పుకుంది కాబట్టే బెర్తు వచ్చింది.

చదువు మానమని మేం ఎవరికీ చెప్పడం లేదు. బాగా చదవండి, బాగా ఆడండి, అడగాల్సినచోట అడగండి. మూడూ ఒకే మనిషి చేయగల పనులే.