శాలువాల లెక్క సరే, వాడ లెక్క ఏదీ?

పోయిన నెలలో మా మండల ఉపాధ్యాయ సంఘం శాఖ వార్షిక సమావేశం జరిగింది. కార్యదర్శి గారు ఏడాది పొడుగునా చేసిన సేవా కార్యక్రమాల నివేదిక చదివారు. నలభై నిమిషాలు పట్టింది. రక్తదాన శిబిరం. కంటి పరీక్షల శిబిరం. రెండు దఫాలు మొక్కలు నాటడం. పేద పిల్లలకు నోటుపుస్తకాలు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లలకు జ్ఞాపికలు. రిటైరైన సార్లకు శాలువాలు. ఒక్కో అంశం చదవగానే చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ సంఘంలో నేనూ సభ్యుణ్ణే, పదిహేనేళ్లుగా చందా కడుతున్నవాణ్ణే.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. రక్తం ఇవ్వడం చిన్న పనేం కాదు. ఎవర్నీ ఎగతాళి చెయ్యడానికి ఇది రాయడం లేదు. కానీ ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఇదంతా ఇచ్చినోళ్ల లెక్క. పుచ్చుకున్నోళ్ల లెక్క ఏదీ? నాటిన మొక్కల లెక్కుంది, బతికిన మొక్కల లెక్క లేదు. పంచిన నోటుపుస్తకాల లెక్కుంది. ఆ పుస్తకాలు పట్టుకున్న పిల్లల్లో ఎంతమంది సంక్రాంతి దాటాక అమ్మానాయనల వెంట కూలికి పోయారో ఆ లెక్క లేదు.

ఇంకో సంగతి. మా మండలంలో ఒక దళితవాడ ఉంది. అక్కడ కమ్యూనిటీ హాల్లో ఇద్దరు కుర్ర టీచర్లు ఏడాదిగా సాయంత్రం బడి నడుపుతున్నారు. పైసా తీసుకోరు. పెట్రోలు వాళ్లదే, బల్బు వాళ్లదే. ముప్పైమంది పిల్లలు వస్తారు. నివేదికలో ఆ ఇద్దరి పేరు లేదు. ఎందుకు లేదని అడిగాను. "వాళ్లు సంఘం బ్యానరు కట్టలేదు గదా సార్, ఫోటోలు కూడా లేవు" అన్నారు. అంటే ఫోటోలో పడితేనే సేవ. పడకపోతే అది ఏ లెక్కలోకీ రాదు.

వాలంటీరు అంటే మనోళ్లకు 2019లో పెట్టిన గ్రామ వాలంటీర్లే గుర్తొస్తారు. వాళ్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం ఇచ్చేవాళ్లు. నేను చెప్పేది ఆ వాలంటీర్ల గురించి కాదు. మా అమ్మకు అక్షరాలు నేర్పిన వాలంటీరు గురించి.

మాది నెల్లూరు జిల్లా. 1991లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటికి నాకు పదేళ్లు. పగలంతా నాట్లేసి, వంగిపోయిన నడుముతో వచ్చి మా అమ్మ రాత్రిపూట లాంతరు ముందు కూచునేది. ఇంటరు తప్పిన ఒక అన్న చెప్పేవాడు. అతనికి జీతం లేదు, శాలువా లేదు. ఆఫీసర్లు లెక్క రాసుకుపోయారు, ఈ ఊళ్లో ఇంతమంది సంతకం నేర్చారని. కానీ అసలు జరిగింది ఆ కాగితాల్లో పట్టలేదు. వాచకాల్లో సారా వల్ల కూలిపోయిన సంసారాల కథలున్నాయి. చదివిన ఆడోళ్లు అది తమ ఇంటి కథే అనుకున్నారు. 1992లో దూబగుంట ఆడోళ్లు సారా అంగడిని ఆపారు. ఆ మాట ఊరూరికీ పాకింది. కూలి చేసుకునే ఆడోళ్లు, అందులో మన వాడల ఆడోళ్లు, చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అదీ నిజమే. గెలిచింది చేజారొచ్చు. అయినా రాత్రి బడిలో కూచున్న ఆడమనిషి ప్రభుత్వాన్ని నిలదీసిందా లేదా? సేవకు ఫలితం అంటే అదీ. పుచ్చుకున్న మనిషి తలెత్తి అడిగే మనిషి కావాలి.

మన పెద్దలు కూడా స్వచ్ఛందంగానే పనిచేశారు. భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో 1906లో జగన్మిత్రమండలి పెట్టాడు. మన పిల్లల కోసం బడులు తెరిచాడు. కానీ బడులు పెట్టి చేతులు దులుపుకోలేదు. 1917లో బెజవాడలో మనోళ్ల మహాసభకు అధ్యక్షుడై, మేం పంచములం కాదు, ఈ నేలకు మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని నిలబడ్డాడు. పలకా బలపంతో పాటు ఆత్మగౌరవం కూడా ఇచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. బడుల్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. వంటవాళ్లను పెట్టేటప్పుడు దళితులకు, ఆదివాసులకు ముందు అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్లో మళ్లీ చెప్పింది. మా మండలంలోనే ఒక బడిలో మాదిగ అక్క వంట చేస్తుంది. ఊళ్లో పిల్లలు కొందరు క్యారియర్లు తెచ్చుకుంటారు. వాళ్లు తినరు. కారణం అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఈ సంగతి మీద సంఘం మాట్లాడాలని నేను సమావేశంలో లేచి అడిగాను. "మన సంఘం ఇలాంటి గొడవలకు అతీతం సార్, ఊళ్లో వాతావరణం చెడుతుంది" అన్నారు.

ఏ వాతావరణం చెడుతుంది? ఆ అక్క రోజూ గంటె పట్టుకుని అవమానం మింగుతుంటే చెడని వాతావరణం, మనం మాట్లాడితే చెడుతుందా? ఆ బడి సార్లు, సంఘం పెద్దలు ఒక్క వారం రోజులు పిల్లల పక్కన కూచుని ఆ అక్క వండిన అన్నం తింటే చాలదా? దానికి డబ్బు అక్కర్లేదు, బ్యానరు అక్కర్లేదు. ఊళ్లో పెద్దోళ్లకు కోపం వస్తుంది, అంతే. మొక్క నాటితే ఎవరికీ కోపం రాదు. అందుకే మనం మొక్కలు నాటుతున్నాం.

ఈ మాట అనేముందు నన్ను నేను కూడా నిలబెట్టుకోవాలి. మా యింట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి. మా నాయన జీతగాడు. ఇవాళ నేను టౌన్లో కాపురముంటున్నా. నా పిల్లలు ప్రైవేటు బడికి పోతున్నారు. చదువుకున్న మనోళ్లు తమ పొట్ట తాము చూసుకుంటున్నారని 1956 మార్చిలో ఆగ్రాలో అంబేద్కర్ బాధపడ్డాడు. అది చదివినప్పుడల్లా నా ముఖం మీద అన్నట్టే ఉంటుంది. కాబట్టి ఇది ఎవరి మీదో వేసే రాయి కాదు.

వచ్చే ఏడాది నివేదికలో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలని సంఘానికి రాసిచ్చాను. వాడల్లో బడి మానేసిన పిల్లలు ఎంతమంది, అందులో మనం వెనక్కి తెచ్చింది ఎంతమందిని? ఏ బడిలో అన్నం దగ్గర, నీళ్ల దగ్గర తేడా ఉంది, దాని మీద మనం ఏం చేశాం? విద్యాహక్కు చట్టం చెప్పిన బడి కమిటీల్లో మన తల్లిదండ్రులు సంతకాలకేనా, మాట్లాడుతున్నారా? ఫోటో లేకుండా పనిచేసినవాళ్లు ఎవరు?

అన్నలారా, అక్కలారా, మీ మండలాల్లో కూడా టీచర్లకో, ఉద్యోగులకో సంఘాలుంటాయి. అందులో మనోళ్లూ ఉంటారు. వాళ్లను ఇవే అడగండి. నివేదికను ఫంక్షన్ హాల్లో కాదు, వాడలో చదవమనండి. మా దగ్గర చదివే రోజున ఆ వంట చేసే అక్కే అధ్యక్షత వహించాలి. విన్నాక ఆమె చప్పట్లు కొడితే, అప్పుడు నేనూ కొడతాను.