విశాఖలో దొరికింది... ఐరావతి అయింది!

ఆదివారం పొద్దున ఉప్పల్ చౌరస్తాలో చేపల దుకాణాల ముందు బండి ఆపే చోటు దొరకదు. నాచారం వెళ్లే దారిలోనూ అంతే. సంచులతో వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే... ‘అన్నా, వంజరం ఉందా?’ థర్మకోల్ పెట్టె మూత తీస్తే ఐసు మధ్య వెండిలా మెరుస్తుంటుంది. విశాఖ రేవులో దాని పేరు కోనాం. హైదరాబాద్ చేరేసరికి వంజరమైపోతుంది. పేరు మారినా రుచి మారదు కాబట్టి ఎవరికీ పేచీ లేదు. బేరమంతా కిలో ఎంత, తలకాయ తూకంలో కలుపుతావా తీసేస్తావా అన్నదాని మీదే. అది ఏ వలలో పడిందని మాత్రం ఎవరూ అడగరు.

అలాంటి వలల్లోనే డాల్ఫిన్లూ పడుతున్నాయి మరి!

వంజరాన్ని ఎక్కువగా గిల్‌నెట్లతోనూ గాలాలతోనూ పడతారు. గిల్‌నెట్ అంటే సన్నటి నైలాన్ దారంతో అల్లిన వల. పైన తేలే బిళ్లలు, కింద బరువులు కట్టి నీళ్లలో గోడలా నిలబెడతారు. తల దూర్చిన చేప మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. డాల్ఫిన్ సంగతి వేరు. అది శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటుంది. పడవనీ బండరాయినీ ఇట్టే పసిగట్టే ఆ జీవికి సన్నటి నైలాన్ దారం సరిగ్గా ఆనదు. పైగా అది చేప కాదు, మనలాగే గాలి పీల్చుకునే క్షీరదం. వల చుట్టుకుని పైకి రాలేకపోతే నిమిషాల్లో ఊపిరాడక చచ్చిపోతుంది.

అడపాదడపా జరిగే ప్రమాదమేలే అనుకుంటే పొరపాటు. 1950 నుంచి 2018 దాకా హిందూ మహాసముద్రంలో ట్యూనా కోసం వేసిన గిల్‌నెట్లలోనే డాల్ఫిన్లు, వాటి దగ్గరి చుట్టాలు కలిపి సుమారు 41 లక్షలు బలయ్యాయని 2020లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా కట్టింది. ఇరాన్, ఇండోనేషియా, భారత్, శ్రీలంక, పాకిస్థాన్... అందరి వాటా అందులో ఉంది. రెండు మూడేళ్లకో పిల్లను కనే జీవి ఈ నష్టాన్ని పూడ్చుకోవడం కష్టం. తీరాన్ని అంటిపెట్టుకుని బతికేవాటికి గండం ఇంకా ఎక్కువ. అలాంటి ఒక డాల్ఫిన్ కథ మన విశాఖలోనే మొదలైంది.

1852లో విశాఖ రేవులో ఓ వింత డాల్ఫిన్ దొరికింది. గుండ్రటి తల, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కే లేదు. అప్పట్లో ఉత్తర సర్కారుల కమిషనర్ వాల్టర్ ఇలియట్. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసుకు తరలించిన ఇలియట్ ఈయనే. తెలుగు జిల్లాల్లో మొక్కల్ని జనం ఏ పేర్లతో పిలుస్తారో పోగేసి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ వేసిందీ ఈయనే. అలాంటి మనిషి కొత్త జంతువు కనిపిస్తే ఊరుకుంటాడా! దాని పుర్రె లండన్ చేరింది. 1866లో రిచర్డ్ ఓవెన్ దానికి ‘బ్రెవిరోస్ట్రిస్’ అని, అంటే పొట్టి ముక్కుది అని పేరుపెట్టాడు. తర్వాత కలకత్తా మ్యూజియానికి చెందిన జాన్ ఆండర్సన్ బర్మాలోని ఐరావతి నదిలో అలాంటివాటినే చూసి వేరే జాతి అనుకున్నాడు. రెండూ ఒకటేనని ఆనక తేలింది. అయినా ‘ఐరావతి డాల్ఫిన్’ అన్న పేరే లోకంలో స్థిరపడింది. అచ్చం కోనాం వంజరమైనట్టే! మొదటి నమూనా దొరికిన చోటుగా విశాఖ శాస్త్రవేత్తల పుస్తకాల్లో మిగిలింది.

ఇప్పుడు మన దేశంలో దీనికి పెద్ద దిక్కు చిలికా. సికింద్రాబాద్ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో భువనేశ్వర్ వెళ్తుంటే కిటికీలోంచి కనిపిస్తుందే, ఆ సరస్సు. పూడిక పేరుకుపోయి సముద్రంతో రాకపోకలు తగ్గిపోతుంటే 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పునీళ్లు వచ్చాయి, వెంటే చేపలూ వచ్చాయి. ఈమధ్య లెక్కల్లో అక్కడి డాల్ఫిన్లు 150కి అటూఇటూగా ఉంటున్నాయి. అదే బంగ్లాదేశ్ తీరంలో 5 వేలకు పైనే ఉన్నాయని 2008లో ప్రచురించిన సర్వే చెప్పింది. ఆ దేశం 2012లో సుందర్‌బన్స్ పాయల్లో వీటికోసం రక్షిత ప్రాంతాలు ప్రకటించింది.

ఐరావతి నదిలోనైతే జాలర్లకూ డాల్ఫిన్లకూ పొత్తు వ్యాపారం! పడవ అంచు మీద కర్రతో టకటకా కొడితే అవి చేపల గుంపును పడవవైపు తరుముకొస్తాయి. అదను చూసి విసురువల వేస్తారు. వల తప్పించుకుని బెదిరిన చేపలు డాల్ఫిన్ల వంతు. మయన్మార్ ప్రభుత్వం 2005లో అక్కడ 70 కిలోమీటర్ల నదీభాగాన్ని రక్షిత ప్రాంతం చేసింది. మెకాంగ్ కథ మాత్రం వేరు. కంబోడియా, లావోస్ సరిహద్దు మడుగులో మిగిలిన ఒకే ఒక్క డాల్ఫిన్ 2022 ఫిబ్రవరిలో చనిపోయింది. వలలో చిక్కడమే కారణమని భావించారు. మడుగు ఒకటే, దేశాలు రెండు. ఎవరి గట్టున ఎవరు కాపలా కాసినా వల ఇటునుంచి పడిందా అటునుంచి పడిందా అన్నది డాల్ఫిన్‌కు అనవసరం.

సరే, వంజరం తినడం తప్ప ఉప్పల్‌కు ఇందులో పనేముంది అంటారా? ఉంది. మెట్రో ఎక్కితే నాలుగు స్టేషన్ల లోపే వచ్చే సీసీఎంబీ చిరునామా ఉప్పల్ రోడ్డే. రాజీవ్‌గాంధీ హత్య కేసులో డీఎన్ఏ పరీక్షలతో జనానికి తెలిసిన సంస్థ. దాని తోబుట్టువు లాంటి సీడీఎఫ్‌డీ కొన్నేళ్లు నాచారంలో ఉండి, నాంపల్లి వెళ్లి, మళ్లీ ఉప్పల్ చేరింది. దొరికిన మాంసం ముక్క మేకదా, జింకదా తేల్చడానికి వీలయ్యే ‘యూనివర్సల్ ప్రైమర్ల’ గురించి సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్‌కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రచురించారు. సూత్రం చిన్నదే. డీఎన్ఏలో ఒక భాగానికి రెండు కొసలూ జంతువులన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటాయి, మధ్యలో అక్షరాల వరస మాత్రం జాతిని బట్టి మారుతుంది. కొసలు పట్టుకుని మధ్య ముక్కను కాపీలు తీసి చదివితే జాతి తెలిసిపోతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చి, కుళ్లిపోయి గుర్తుపట్టలేని డాల్ఫిన్ కళేబరానికి ఇలాంటి పరీక్షే దిక్కు.

జాతి తెలిస్తే ఏం ఒరుగుతుందీ అంటే... మన తీరంలో తిరిగే మూపురం డాల్ఫిన్ సంగతే చూడండి. 2014లో శాస్త్రవేత్తలు దీన్ని విడదీసి పశ్చిమాన హిందూ మహాసముద్రానిదొక జాతి, తూర్పున చైనా దాకా వ్యాపించింది ఇంకో జాతి అన్నారు. మొదటిది ‘అంతరించే ప్రమాదంలో ఉన్నవి’ జాబితాలో ఉంది. రెండోదానికి ముప్పు స్థాయి ఒక మెట్టు తక్కువ. మరి రెండింటికీ హద్దు ఎక్కడ? ఆ చిక్కంతా బంగాళాఖాతంలోనే. బంగ్లాదేశ్‌వి ఈ రెంటికీ భిన్నంగా ఉన్నాయని 2017లో జన్యు అధ్యయనం తేల్చింది. అంటే శ్రీకాకుళం, కాకినాడ, నెల్లూరు తీరాల్లో ఈదేవి ఎవరి చుట్టాలో తెలియాలంటే ఢాకా, కొలంబో, యాంగూన్ లెక్కలు కూడా పక్కన పెట్టుకోవాలి.

ఇలియట్ కాలంలో పుర్రెను ఓడెక్కిస్తే సరిపోయింది. ఇప్పుడు గోరంత చర్మం ముక్క దేశం దాటాలన్నా ‘సైటిస్’ ఒప్పందం కింద అనుమతులు కావాలి. దొంగ వ్యాపారాన్ని అరికట్టడానికి పెట్టిన నిబంధన పరిశోధనకూ కాళ్లకు బంధమవుతుంది. అందుకే ముక్కను పంపకుండా ఎవరి ప్రయోగశాలలో వాళ్లు చదివి, అక్షరాల వరసను మాత్రం అందరికీ అందుబాటులో పెట్టడం తేలికైన దారి. మాంసం ముక్కకు వీసా కావాలిగానీ అక్షరాలకు అక్కర్లేదు కదా!

అసలు ముక్కే ప్రయోగశాలకు రాకపోతే? వన్యప్రాణి రక్షణ చట్టంలో డాల్ఫిన్‌కు పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చోటుంది. చంపితే జైలు. వలలో చచ్చిన డాల్ఫిన్‌ను చూడగానే జాలరికి గుర్తొచ్చేది అదే. ఎవరికీ చెప్పకుండా నడి సముద్రంలోనే వదిలేస్తాడు. లెక్కలో చేరదు, పరీక్షకూ రాదు. అతణ్ని తప్పుపట్టడం తేలికేగానీ, వేలు పోసి కొన్న వల పాడై, వేట పోయి, పైగా కేసు కూడా నెత్తిన పడుతుందంటే ఎవరైనా అదే చేస్తారు. బతికున్న డాల్ఫిన్‌ను వదలాలంటే వల కోయాలి. మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో దీనికో దారి చూపింది. రక్షిత జీవుల్ని విడిపించడానికి వల కోసుకుంటే రూ.25 వేల వరకు పరిహారం. ఒక రాష్ట్రం పథకం ఆ రాష్ట్రం జాలరికే వర్తిస్తుంది. డాల్ఫిన్ మాత్రం ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకీ, తడ దాటి తమిళనాట్లోకీ కాగితాలు చూపించకుండానే ఈదేస్తుంది.

వల కోసే అవసరమే రాకుండా చూడలేమా? పాకిస్థాన్ జాలర్లు అరేబియా సముద్రంలో ఓ ప్రయత్నం చేశారు. వలను నీటి మట్టానికి ఆనించి వేయకుండా 2 మీటర్లు కిందికి దించారు. గాలి కోసం పైకొచ్చే డాల్ఫిన్లకు ఆ కాస్త దారి సరిపోయింది. చిక్కుకునేవి బాగా తగ్గాయి. అక్కడ పట్టేది ట్యూనా. కాకినాడ జాలరి అడిగేది మాత్రం ఒక్కటే ఉంటుంది... అలా దించితే కోనాం పడుతుందా?