రక్తం కారని గాయాన్నే ముందు చూసుకోవాలి

అయిదో దశ మొదలైందంటే తోటలో గాయాలు కూడా మొదలైనట్టే. పురుగు తన బతుకంతా తినే మేతలో 80 శాతానికి పైగా ఆ ఏడెనిమిది రోజుల్లోనే తినేస్తుంది. మేత తగ్గితే గూడు పలచబడుతుంది. అందుకే తెల్లవారకముందే కొడవలి పట్టుకుని తోటలోకి దిగుతాం. ఒక చేత్తో గుప్పెడు కొమ్మలు వంచి పట్టుకుని, ఇంకో చేత్తో మొదట్లో లాగి కోస్తాం. ఎడమచేతి వేలిమీద పాత గాటు లేని పట్టురైతు శిడ్లఘట్ట పక్కన కనబడడు, హోసూరు పక్కనా కనబడడు.

వేలు తెగితే నెత్తురు బొటబొటా కారుతుంది. దాన్ని చూసి అందరం కంగారు పడతాం. ఒకరు సున్నం తెస్తారు, ఒకరు కాఫీపొడి, ఇంకొకరు మోటారుసైకిల్ నుంచి పెట్రోలు. చివరికి ఆర్ఎంపీ దగ్గరికి పోయి టీటీ సూది. మూడు నెలల క్రితమే వేయించుకున్నా సరే మళ్ళీ ఇంకోటి, ఎందుకంటే దాని బలం ఆరు నెలలేనని ఎవరో చెప్పారు. అదే మనిషి అరికాల్లో మల్బరీ మోడు గుచ్చుకుంటే, చెప్పు తీసి చూసి, నెత్తురు రాలేదు కదా, ఇనుము కాదు కదా, ఏమీ కాదులే అని మళ్ళీ కోతకు వంగుతాడు.

మా అభిప్రాయంలో ఇది తలకిందుల లెక్క.

ధనుర్వాతం తెచ్చే క్రిమికి తుప్పుతో పని లేదు. అది మట్టిలో ఉంటుంది, పశువుల పేడలో ఉంటుంది. మన తోటకు ఏటా ట్రాక్టర్ల కొద్దీ పెంటఎరువు తోలుతాం. ఆ క్రిమి గాలి తగలని చోట పెరుగుతుంది. నెత్తురు బాగా కారి, నీళ్ళతో కడిగిన గాటులో దానికి చోటు తక్కువ. సన్నగా, లోతుగా దిగి, పైన చర్మం మూసుకుపోయిన రంధ్రంలో దానికి హాయి. నేలమట్టంగా కొమ్మ కోసిన తర్వాత సాళ్ళలో నిలిచే మోళ్ళను ఒకసారి చూడండి, ఏటవాలు కోతతో ఒక్కొక్కటి చెక్కిన మేకులా ఉంటుంది. ఏడాదికి అయిదు పంటలు తీసే తోటలో అయిదుసార్లు ఆ మేకుల మధ్య హవాయి చెప్పులతో, కొందరైతే ఉత్తి కాళ్ళతో నడుస్తున్నారు.

మోడు ముక్క లోపలే విరిగిపోయి ఉంటే ఇంకో తంటా. పైకి మానినట్టు కనబడి పదిరోజులకు చీము పడుతుంది. షుగరు ఉన్నవాళ్ళకైతే కాలి స్పర్శ తగ్గి, గుచ్చుకున్న సంగతే తెలియకపోవచ్చు. వాళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు వెలుతురులో చూసుకోవాలి. ఇంట్లో ఇంకొకరు చూసినా మంచిదే.

గాయం ఎలాంటిదైనా మొదటి పని సబ్బు, ధారగా పడే మంచినీళ్ళు. నెత్తురు ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. సున్నం, పేడ, బూడిద, పెట్రోలు వద్దు. షెడ్డులో చేతులు ముంచే బ్లీచింగ్ నీళ్ళు కూడా గాయానికి పనికిరావు, అవి పుండును కాలుస్తాయి. పడకమీద మందుపొడి చల్లేటప్పుడు తెగిన వేలికి గ్లౌజు వేసుకోండి, దాంట్లో సున్నం ఉంటుంది. పురుగుకు రోగం అంటకూడదని గడపలో నిలబడి చేతులు కడుక్కునే మనం, మన గాయాన్ని కడగడానికి బద్ధకించడం విచిత్రమే.

ఇక సూది సంగతి. టీటీ బలం ఆరు నెలలే అన్నది నిజం కాదు. మూడు డోసులు పూర్తయినవారికి, చిన్న శుభ్రమైన గాయమైతే చివరి సూది పడి పదేళ్ళు దాటితేనే ఇంకోటి అవసరం. పేడ మట్టి పట్టినదీ, లోతుగా గుచ్చుకున్నదీ అయితే అయిదేళ్ళు దాటితే వేయించుకోవాలి. మూడు డోసులు పడనివారికి, పడ్డాయో లేదో తెలియనివారికి అలాంటి మురికి గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో సూది కూడా అవసరమవుతుంది. కాబట్టి ఆసుపత్రిలో గాయం చూపించడంతో ఆపకండి, చివరి సూది ఎప్పుడు పడిందో కూడా చెప్పండి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ తేదీ ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు సర్కారు టీకాల పట్టికలో 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టీడీ సూది ఉంది, గర్భిణులకూ ఉంది. కాబట్టి మన ఆడవాళ్ళకు ఏదో ఒక కార్డు ఉంటుంది. మగవాళ్ళను 16 తర్వాత పిలిచి వేసేవారు లేరు. దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం మొదలైంది 1978లో, దాన్ని అన్ని జిల్లాలకూ విస్తరించడం మొదలుపెట్టింది 1985లో. అంటే ఈరోజు తోటలో కోత కోసే పెద్దవాళ్ళలో చాలామందికి చిన్నప్పటి సూదులు పడి ఉండకపోవచ్చు. 2015లో మనదేశం తల్లులకు, పసిబిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని అదుపు చేసినట్టు గుర్తింపు పొందింది. అది గొప్ప సంగతే. కానీ క్రిమి మట్టిలోంచి పోలేదు, పోదు కూడా.

గాయమైన 3 రోజుల నుంచి 21 రోజుల లోపల, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా, దవడ బిగుసుకోవడం, మింగడం కష్టం కావడం, మెడ పట్టేయడం కనబడితే ఇంట్లో వేడినీళ్ళ కాపడం పెడుతూ కూర్చోవద్దు, పెద్దాసుపత్రికే పోవాలి. గాయం చుట్టూ ఎరుపు పాకడం, సలుపు పెరగడం, జ్వరం రావడం కూడా ఆగే సంగతి కాదు. ఇంకో మాట, చీకట్లో కోస్తున్నప్పుడు ఏదో గుచ్చుకుంది, ఏమిటో చూడలేదు అంటే దాన్ని ముల్లు అనుకోకండి. కట్లపాము కాటు గాటు సరిగా కనబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు.

కోతకు వచ్చే కూలీల మాటా చెప్పాలి. కాలికి గుచ్చుకుంటే కూలి పోతుందని చెప్పకుండా ఇంటికి పోయేవాళ్ళు ఉన్నారు. అడగాల్సింది తోట యజమానే. ఆరోజు కూలి ఇచ్చి, ఆసుపత్రికి తీసుకుపోయే ఖర్చు పెట్టుకోవాలి. ఒక పంట గూళ్ళ డబ్బులో అది ఎంత? మూసి ఉండే బూట్లు రెండు జతలు షెడ్డులో ఉంచినా పెద్ద ఖర్చు కాదు.

చాకీ పురుగు తెచ్చిన తేదీ, జ్వరం లేచిన తేదీ షెడ్డు తలుపు మీద సుద్దతో రాస్తాం. దాని పక్కనే ఇంట్లో ఒక్కొక్కరి టీడీ తేదీ పెయింటుతో రాయండి. తేదీ తెలియనివాళ్ళు వచ్చే కోత దాకా ఆగకుండా ఆశా అక్కను అడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మొదటిది వేయించుకోవచ్చు. రెండోది నాలుగు వారాలకు, మూడోది ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది లోపల.