ముక్కులోంచి నెత్తురు కారితే 'వేడి చేసింది' అని ఊరుకోవద్దు!



మొన్నటి చలికాలంలో భివండీ పద్మనగర్ పక్కన ఒక సాంచాల కార్ఖానాలో రాత్రి పాళీ నడుస్తుండగా మన తమ్ముడొకడికి ముక్కులోంచి నెత్తురు కారింది. తోటివాళ్లు వాణ్ని సాంచా పక్కనే వెల్లకిలా పడుకోబెట్టారు. నెత్తిన చన్నీళ్లు పోశారు. ఉల్లిగడ్డ చితక్కొట్టి వాసన చూపించారు. నెత్తురంతా గొంతులోకి దిగి, అరగంట తర్వాత భళ్లున కక్కుకున్నాడు. అప్పుడు గాని రిక్షా పిలవలేదు. దవాఖానాలో చూస్తే బీపీ 200 దాటి ఉంది. తనకు బీపీ ఉన్న సంగతి వాడికి ఆ రాత్రే తెలిసింది. వాడి వయసు 42.

తెల్లారి సేఠ్ అన్న మాట: "తాగొచ్చి ఉంటాడు." వాడు తాగడు. మన వాళ్లన్న మాట: "వేడి చేసింది."

సేఠ్ మాటకు మనకు కోపం వచ్చింది. మన మాటకు మనకే కోపం రాలేదు. ఆలోచించి చూడండి, రెండు మాటలూ ఒక్కటే. రెండూ తప్పును ఆ మనిషి ఒంటి మీదే వేస్తాయి. రెండు మాటల తర్వాతా ఎవరూ ఏమీ అడగనక్కరలేదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది సేఠ్ మాట మీద కాదు, మన మాట మీద.

అసలు ముక్కులోంచి నెత్తురు ఎందుకు కారుతుంది? ముక్కు ముందు భాగంలో, రెండు రంధ్రాల నడిమి గోడ మీద సన్నటి రక్తనాళాలు వలలాగా అల్లుకుని ఉంటాయి. వాటి మీద పొర చాలా పలుచన. పదింట తొమ్మిదిసార్లు నెత్తురు వచ్చేది అక్కడినుంచే. గాలి ఎండిపోయి ఆ పొర పగిలినా, గోరు తగిలినా, గట్టిగా చీదినా, దెబ్బ తగిలినా, జలుబుతో లోపల వాచినా చిట్లుతుంది. పిల్లలకు కారితే చాలాసార్లు వేలు పెట్టడమే కారణం. పెద్దవాళ్లలో నశ్యం పీల్చే అలవాటు కూడా ఆ పొరను తినేస్తుంది. గుండెజబ్బుకు ఆస్పిరిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు నెత్తురు తొందరగా గడ్డకట్టదు. తాగి తాగి లివర్ చెడినవాళ్లకూ అంతే. డెంగీ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి కారవచ్చు. బీపీ ఒక్కటే నాళాన్ని చిట్లిస్తుందని డాక్టర్లు ఖాయంగా చెప్పరు గాని, బీపీ ఎక్కువ ఉన్నవాడికి కారడం మొదలైతే ఆపడం కష్టమని చెబుతారు.

ఇప్పుడు మన 'వేడి' సంగతికి వద్దాం. మన పెద్దవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. వేడి గాలి, పొడి గాలి ముక్కును ఎండగొడతాయి. కాని ఆ వేడి ఎక్కడిది? అది మన ఒంట్లో పుట్టిన వేడి కాదు, రేకుల షెడ్డు వేడి. కిటికీలు మూసిన కార్ఖానా వేడి. మజ్జిగ తాగితే మన కడుపు చల్లబడుతుంది, షెడ్డు చల్లబడుతుందా?

వేడికి తోడు దుమ్ము. మిల్లులో పనిచేసినవాళ్లకు నేను చెప్పాలా? బ్లోరూంలో బేళ్లు విప్పేటప్పుడు, కార్డింగులో దూది ఏకేటప్పుడు ఎదుటి మనిషి మొహం కనబడేది కాదు. వీవింగులో దారం తెగకుండా గాలిలో తేమ పెట్టేవారు. దారానికి ఏ గాలి కావాలో యాజమాన్యానికి బాగా తెలుసు. మనిషికి ఏ గాలి కావాలో లెక్కలోకి రాలేదు. ఇవాళ పవర్‌లూం కార్ఖానాల్లో చాలా చోట్ల ఆ తేమ కూడా లేదు. గంజి పెట్టిన పడుగు నుంచి రాలే పొడి, నూలు పొట్టు రోజుకు 12 గంటలు పీలుస్తున్నాం. ముక్కు మూసుకుపోతుంది. చీదుతాం, గోటితో తీస్తాం, నశ్యం పీలుస్తాం. నెత్తురు రాక ఏం వస్తుంది? గోరు మనదే, కాని దుమ్ము ఎవరిది?

రంగుల ఖాతాలో పనిచేసే తమ్ముళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. అద్దకంలో కొన్ని చోట్ల డైక్రోమేట్ అనే నారింజరంగు ఉప్పు వాడతారు. దాని పొడి, తుంపర రోజూ ముక్కులోకి పోతే నడిమి గోడ మీద పుండు పడుతుంది, చివరికి రంధ్రం పడుతుంది. నొప్పి పెద్దగా ఉండదు. పక్కు కట్టడం, నెత్తురు కారడం, ఇవే గుర్తులు. దాన్ని కూడా 'వేడి' అంటే ముక్కు పోయినట్టే.

నా ఇంటి సంగతి చెబుతాను. మాది కామాఠిపురా. ఆ పేటకు ఆ పేరే మన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది. ఈ బొంబాయి కట్టడానికి రాళ్లు మోసినవాళ్లు, ఆ తర్వాత మిల్లుల్లో చేరినవాళ్లు అక్కడే ఉన్నారు. మా నాయిన ఒక మిల్లులో కార్డింగు ఖాతా మనిషి. వారపు సెలవు తర్వాత మొదటి పాళీ చేసి వచ్చిన రోజు ఆయనకు ఛాతీ పట్టేసేది. ముక్కులోంచి అప్పుడప్పుడు నెత్తురు వచ్చేది. అమ్మ ఖోలీ ముందు కూర్చోబెట్టి నెత్తిన నీళ్లు పోసేది. పక్క ఖోలీ మరాఠీ కాకా "ఘోళణా ఫుట్లా" అని ఉల్లిపాయ తెచ్చేవాడు. చాలు అంతా చేరేవారు, ప్రేమకు లోటు లేదు. దవాఖానాలో మాత్రలిచ్చేవారు. నువ్వు ఏ ఖాతాలో పనిచేస్తావని ఒక్క డాక్టరూ అడగలేదు, కార్డు మీద ఒక్కసారీ రాయలేదు.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు. ఆ తర్వాత మా నాయినను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. 1991లో దగ్గుతూనే పోయాడు. నూలు దుమ్ముతో ఊపిరితిత్తులు చెడే జబ్బును బిస్సినోసిస్ అంటారు. సెలవు తర్వాత మొదటిరోజు ఛాతీ పట్టేయడం దాని గుర్తు. ముక్కు నెత్తురు దాని గుర్తు కాదు, ఆ రెండూ కలపకూడదు. మా నాయినది ఆ జబ్బేనా? నేను చెప్పలేను. ఎందుకంటే కాగితం లేదు. కాగితం లేని జబ్బుకు నష్టపరిహారం లేదు. ఆయన స్థలంలో ఇవాళ గాజు టవరు ఉంది, దాని చుట్టూ సిమెంటు దుమ్ము ఉంది.

చట్టం లేక కాదు సోదరులారా! 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 89వ సెక్షన్ ఉండేది. జాబితాలోని జబ్బు కనబడితే డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాలి, పంపకపోతే 1000 రూపాయల దాకా జరిమానా. ఆ జాబితాలో క్రోమ్ పుండూ ఉంది, బిస్సినోసిస్సూ ఉంది. ఆ చట్టం స్థానంలో 2020లో చేసిన కొత్త కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులోనూ జబ్బుల జాబితా ఉంది. 40 ఏళ్లు దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలని ప్రభుత్వమే ప్రకటించింది. మన పద్మనగర్ తమ్ముడికి 42. ఆ పరీక్ష జరిగి ఉంటే బీపీ ఆ రాత్రి దాకా దాగేదా?

అదే కోడ్ ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కుంది. కరెంటుతో నడిచే చోట ఇదివరకు 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు 20 మంది ఉండాలట! ఒకే కప్పు కింద సాంచాలను నాలుగు పేర్ల మీద రాయించిన సేఠ్‌లకు ఇంతకంటే ఏం కావాలి? కాగితం మీద వాళ్లు విడిపోతారు, దుమ్ము మాత్రం విడిపోదు.

కొందరు మిత్రులు అంటారు: "రేటు పెంచమని అడగాలి గాని ఈ ముక్కు నెత్తురు గొడవేమిటి?" నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. 1988లో బద్లీగా చేరిన నాటినుంచి మిల్లు మూసేదాకా ఎన్నో గేటు మీటింగుల్లో మాట్లాడాను. బోనసు గురించి మాట్లాడాను, కరువు భత్యం గురించి మాట్లాడాను. దుమ్ము గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. నాయిన దగ్గు ఇంట్లో వింటూనే మాట్లాడలేదు. ఆ తప్పు నాది. డాక్టరు దత్తా సామంత్ కార్మిక నాయకుడైన ఊరు ఇది. ఈ ఊళ్లో కార్మికుడి ఆరోగ్యం యూనియన్ పని కాదంటే ఎలా?

ఒక హెచ్చరిక కూడా. ప్రతి నెత్తురు చుక్కా సేఠ్ వల్లే అనవద్దు. గోటి తప్పును, నశ్యం తప్పును, సారా తప్పును సేఠ్ మీద రుద్దితే మన అసలు కేసు కూడా నీరుగారిపోతుంది. నిజం మన వైపు ఉంది, దాన్ని పెంచి చెప్పే పని లేదు.

కనుక చేయవలసింది ఇది:

1. ఎవరికైనా కారితే పడుకోబెట్టవద్దు, తల వెనక్కి వంచవద్దు. కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, గడియారం చూసి 10 నుంచి 15 నిమిషాలు వదలవద్దు. నోటితో ఊపిరి పీల్చాలి. నోట్లోకి వచ్చిన నెత్తురు ఉమ్మేయాలి. అరగంటకూ ఆగకపోతే, బాగా ధారగా పోతున్నా, తలకు దెబ్బ తగిలి కారుతున్నా, వెంటనే దవాఖానాకు.

2. మాటిమాటికీ కారితే బీపీ, రక్తం పరీక్ష చేయించాలి. వేసుకునే మాత్రలు డాక్టరుకు చూపించాలి. వాటిని మీ అంతట మీరు మానవద్దు.

3. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: ఏ ఖాతా, ఎన్నేళ్లు, ఏ రంగు, ఎంత దుమ్ము. ఆ మాట కాగితం మీద రాయించి, నకలు యూనియన్‌కు ఇవ్వండి.

4. దుమ్ము పీల్చే యంత్రం, తెరిచి ఉన్న కిటికీ, తాగే నీళ్లు, 40 దాటినవాళ్లకు ఏటా పరీక్ష. ఇకమీదట రేటు చర్చకు వెళ్లే ప్రతి కమిటీ ఈ నాలుగూ డిమాండ్ల పత్రంలో రాయాలి.

మన నాయినలు కాగితం లేకుండా పోయారు. మన పిల్లలకైనా కాగితం మిగలాలి. ఈసారి ఎవరైనా 'వేడి చేసింది' అంటే, ఎవరి వేడి అని అడగండి!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి